వంద నవలల లత: రాయచూరు తెలుగు ఇళ్ళు మరచిపోకూడని రచయిత్రి

మన జిల్లాలో తెలుగు చదివే పాత ఇల్లు ఏదైనా తీసుకోండి. రాయచూరు పట్టణంలో తరతరాలుగా ఉన్నవారిదైనా సరే, సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపుల్లో కాలువ వచ్చాక స్థిరపడినవారిదైనా సరే. ఆ ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఆమెకు తెలిసిన రచయిత్రుల పేర్లు అడగండి. యద్దనపూడి పేరు ముందు వస్తుంది. రంగనాయకమ్మ, మాదిరెడ్డి, కోడూరి కౌసల్యాదేవి, వాసిరెడ్డి సీతాదేవి వరుసగా వస్తారు. వీరిలో చాలామందికంటే ముందే కలం పట్టి, వారికి దారి కొంత చదును చేసిన ఒక పేరు మాత్రం ఈమధ్య వినబడటం తగ్గింది. ఆ పేరు లత. పూర్తి పేరు తెన్నేటి హేమలత.

వందకు పైగా నవలలు, ఏడు వందల దాకా రేడియో నాటకాలు, వంద దాకా కథలు, పది రంగస్థల నాటకాలు, సాహిత్య వ్యాసాల సంపుటాలు. ఇదంతా బడిలో ఐదో తరగతి దాటని ఒక మనిషి చేసిన పని. ఆమె పోయి దాదాపు మూడు దశాబ్దాలైంది. ఆమె జీవితాన్ని మన పాఠకుల కోసం ఒకచోట చెప్పాలని అనుకున్నాం. ఎందుకు మనకు అవసరమో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

తొమ్మిదో ఏట పెళ్ళి, ఇంటి చదువు

లత 1935 నవంబరు 15న విజయవాడలో పుట్టారు. తల్లి నిభానుపూడి విశాలాక్షి, తండ్రి నారాయణరావు. ఇంట్లో పెట్టిన పేరు చాలా పెద్దది, జానకీ రామ కృష్ణవేణీ హేమలత. అందులో చివరి ముక్కను కలం పేరు చేసుకున్నారు.

తొమ్మిదేళ్ళకే తెన్నేటి అచ్యుతరావు గారితో ఆమెకు పెళ్ళి జరిగింది. అప్పటికి శారదా చట్టం వచ్చి పదిహేనేళ్ళు కావస్తోంది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమని 1930 నుంచి అమల్లో ఉంది. కాగితం మీద ఉన్న చట్టం ఇళ్ళలోకి ఎంతవరకు వచ్చిందో లత పెళ్ళే చెబుతుంది. మన అవ్వల పెళ్ళిళ్ళు ఏ వయసులో జరిగాయో తెలిసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

బడి చదువు ఆగినా చదువు మాత్రం ఆగలేదు. ఇంటి దగ్గరే సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు చదువుకున్నారు. కావ్యాలు, పురాణాలు గట్టిగా వచ్చు. ఆ పట్టు ఆమె రాసిన ప్రతి పుస్తకంలో కనిపిస్తుంది. వేశ్యావాటిక గురించి రాసినా, రాధ గురించి రాసినా, రాముడి గురించి వాదించినా ఆమె భాష ఒక్కటే. తేటగా మొదలై, వేడెక్కినకొద్దీ కావ్యం వైపు జరుగుతుంది.

మన రాజధాని రేడియోలో మొదటి నాటకం

లత పేరు మొదట జనం చెవిన పడింది పుస్తకం ద్వారా కాదు, రేడియో ద్వారా. ఆమె మొదటి రేడియో నాటకం శిలాహృదయం 1952లో ప్రసారమైంది. ప్రసారం చేసింది విజయవాడ కేంద్రం కాదు, హైదరాబాదు దక్కన్ రేడియో.

ఇక్కడ మన జిల్లా కథ కలుస్తుంది. 1952లో రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఒక జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగి మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా మన కోర్టు కాగితాలు, మన కొలువులు, మన రేడియో అన్నీ హైదరాబాదువే. దక్కన్ రేడియో నిజాం కాలంలో మొదలై 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఉర్దూ, తెలుగు, కన్నడం, మరాఠీ నాలుగు భాషలూ అందులో వినిపించేవి. అంటే విజయవాడ అమ్మాయి రాసిన తొలి నాటకం మొదట చేరిన గాలిలో రాయచూరు గాలి కూడా ఉంది. అప్పట్లో రేడియో పెట్టె ఊరికి ఒకటో రెండో ఉండేవి, వాటికి ఏటేటా లైసెన్సు కట్టాలి. ఉన్న ఆ ఒక్క పెట్టె చుట్టూ వీధి మొత్తం కూర్చునేది.

1955లో లత విజయవాడ ఆకాశవాణిలో అనౌన్సరుగా చేరారు. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ఇళ్ళలో విజయవాడ రేడియో ఒక మనిషిలా కలిసిపోయింది. తరవాతి రోజుల్లో ఉషశ్రీ రామాయణ భారతాలు వినడానికి ఊళ్ళు ఊళ్ళే పని ఆపుకున్నాయి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి ఎడమగట్టు కాలువ కింద నీళ్ళు వస్తుంటే, అక్కడి పొలాలు అమ్ముకుని ఇక్కడ ఎక్కువ ఎకరాలు కొనడానికి వచ్చిన కుటుంబాలు ఆ రేడియో అలవాటును కూడా మూటగట్టుకునే వచ్చాయి. మీడియం వేవ్ రాత్రిపూట దూరం పోతుంది. క్యాంపుల్లో పెద్దవాళ్ళు రాత్రి భోజనాలయ్యాక ముల్లు తిప్పి తిప్పి విజయవాడను వెతికిన సంగతి మనలో చాలామందికి తెలుసు.

అనౌన్సరు ఉద్యోగం చిన్నదిగా కనిపిస్తుంది గాని, రాసేవారికి అది మంచి బడి. గడియారం ముల్లు చూసి మాట మొదలుపెట్టాలి, ముల్లు చూసి ఆపాలి. రేడియో నాటకంలో ముఖం లేదు, తెర లేదు. కోపం వచ్చిందన్నా, తలుపు తీసిందన్నా, ప్రేమ పుట్టిందన్నా మాటతోనే తెలియాలి. ఒక పాత్ర మాటకీ ఇంకో పాత్ర మాటకీ తేడా లేకపోతే వినేవాడు తికమకపడతాడు. ఏడు వందల నాటకాలు ఇలా రాసిన చేతికి నవలలో సంభాషణ ఎలా నడపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి నవల, పెద్ద గొడవ

ఇరవై ఏళ్ళు నిండకముందే లత గాలిపడగలు నీటిబుడగలు అనే నవల రాశారు. 1950ల తొలి సంవత్సరాల మాట ఇది. విషయం వేశ్యల బతుకు. అందులో నాట్యాలు, వెన్నెల రాత్రులు, దయగల విటులు ఉండరు. ఆ వాటికల్లో ఆడవాళ్ళు పడే హింస, వాళ్ళకు అంటుకునే జబ్బులు, వాళ్ళ శరీరాల మీద వ్యాపారం చేసేవాళ్ళు, వీటినే సూటిగా రాశారు.

వేశ్య తెలుగు సాహిత్యానికి కొత్త పాత్ర కాదు. గురజాడ మధురవాణి అప్పటికి అర్ధ శతాబ్దం నుంచి మన మధ్య ఉంది. కానీ మధురవాణిని రాసింది మగవాడు. ఇక్కడ రాసింది పెళ్ళయిన, ఇరవై నిండని, బ్రాహ్మణ ఇంటి ఆడపిల్ల. ఆ విషయం ఆమెకు తెలియకూడదు. తెలిసినా తెలియనట్టు ఉండాలి. తెలిసిందని ఒప్పుకుని, పేరు పెట్టి అచ్చువేయడమే అప్పటి పెద్దలకు మింగుడు పడలేదు. పుస్తకం మీద దుమారం లేచింది. బూతు అన్నారు. కుటుంబ స్త్రీ రాయవలసినది కాదన్నారు. చలం రాతలతో పోల్చి ఆడ చలం అన్నవారూ ఉన్నారు. కొందరి నోట అది మెప్పు, ఎక్కువమంది నోట అది తిట్టు.

చలానికీ లతకూ ఒక తేడా ఉంది. చలం స్త్రీ స్వేచ్ఛ గురించి రాసినందుకు సమాజం వెలివేసింది, చివరికి ఆయన 1950లో అరుణాచలం వెళ్ళిపోయారు. లతకు వెళ్ళిపోవడానికి చోటు లేదు. ఆమె ఇల్లు, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఆ విజయవాడలోనే. ఉదయం ఏ రాతను తిట్టారో సాయంత్రం అదే ఊరికి రేడియోలో ఆమె గొంతు వినిపించాలి. ఆమె అక్కడే ఉండి, రాస్తూనే పోయారు. వందకు పైగా పుస్తకాలే ఆ తిట్లకు ఆమె ఇచ్చిన జవాబు అని మేమనుకుంటాం.

ప్రేమ అంటే ఆమెకు ఏమిటి

లతను ప్రేమ నవలల రచయిత్రి అనవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. అనవచ్చు, కాని ఆమె ప్రేమ మనం తరవాత అలవాటుపడిన ప్రేమ కాదు. ఆరడుగుల హీరో, పడవలాంటి కారు, మొదట పొగరు, చివర పెళ్ళి, ఈ వరుస తెలుగు వారపత్రికల్లో 1960ల రెండో సగంలో గట్టిపడింది. లత అంతకుముందు నుంచీ రాస్తున్నారు. ఆమెను పట్టుకున్నది ప్రేమ దొరకడం కంటే ప్రేమ లేకపోవడం. ఆమె పుస్తకాల్లో ఒకదాని పేరే ప్రేమరాహిత్యంలో స్త్రీ. పెళ్ళి ఉంది, ఇల్లు ఉంది, గాజులు ఉన్నాయి. అయినా మనసుకు తోడు లేదు. ఆ లోటును ఏమనాలో ఆడవాళ్ళకు మాట కూడా లేని రోజుల్లో ఆమె దాన్ని కథగా చేసి ఇచ్చారు.

దీనికి రెండో కొసన మోహనవంశి ఉంది. రాధాకృష్ణుల ప్రేమను తీసుకుని రాసిన నవల. లత పేరు చెప్పగానే ఇప్పటికీ చాలామంది తలచుకునేది ఈ పుస్తకాన్నే. భాగవతం పారాయణ జరిగే ఇంట్లో రాధ కథకు అడ్డు చెప్పేవారు ఉండరు. గాలిపడగలను దాచుకుని చదివిన ఇల్లాలే మోహనవంశిని పూజగదిలో కూర్చుని చదవగలిగింది. కాని జాగ్రత్తగా చూస్తే రెండింటిలోనూ ప్రశ్న ఒక్కటే. స్త్రీ మనసు ఎవరి సొత్తు? ఒక చోట దాన్ని డబ్బుకు కొనాలని చూస్తారు, కొనలేరు. ఇంకో చోట అది తనంతట తాను ఇచ్చుకుంటుంది, తిరిగి లెక్క అడగదు.

వీటితోపాటు పథవిహీన, జీవనస్రవంతి, ఎడారి పువ్వులు, బ్రాహ్మణ పిల్ల, వైతరణీ తీరం ఇలా నవలలు ఏడాదికేడాది వచ్చాయి. అంతరంగచిత్రం ఆమె తన జీవితాన్ని తరచి చూసుకున్న పుస్తకం. ఊహాగానం పత్రికలో శీర్షికగా నడిచి తరవాత పుస్తకమైంది. అది నవలా కాదు, వ్యాసమూ కాదు. మనసులో మాటను వచన కవిత్వానికి దగ్గరగా రాసుకుంటూ పోవడం. నవల చదివే తీరిక లేనివారు కూడా ఊహాగానాన్ని ఒక పేజీ, రెండు పేజీలు చొప్పున చదివారు.

ఇన్ని ఎలా రాసింది

ఎక్కువ రాసినవారి మీద మనకు ఒక అనుమానం ఉంటుంది. ఎక్కువ రాస్తే పలుచన అవుతుందంటారు. తెలుగులో కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యికి పైగా చిన్న నవలలు రాసి, రైలు ప్లాట్‌ఫారాల మీద అణాలకు అమ్మించి, ఎందరో ఆడవాళ్ళకు చదవడం అలవాటు చేశారు. ఇంగ్లీషులో బార్బరా కార్ట్‌లాండ్ 1901లో పుట్టి 2000లో పోయేలోగా ఏడు వందలకు పైగా ప్రేమ నవలలు రాసింది. ఇద్దరినీ విమర్శకులు చిన్నచూపు చూశారు, ఇద్దరినీ జనం చదివారు.

లత లెక్క వీరంత పెద్దది కాదు. అయినా వంద నవలలు అంటే మాటలు కాదు. ఉద్యోగం చేస్తూ, పిల్లలను పెంచుతూ, రేడియోకు నాటకాలు ఇస్తూ రాయాలి. ఆ రోజుల్లో రచయిత్రికి పూట గడిచేది ఒక్క పుస్తకం మీద కాదు. వారపత్రికలో సీరియల్ వేస్తే వారం వారం ఒక ముక్క ఇవ్వాలి. సీరియల్ అయ్యాక దాన్ని ప్రచురణకర్త పుస్తకంగా వేస్తాడు. ఆ పుస్తకం అద్దె పుస్తకాల అంగడికి, ఊరి గ్రంథాలయానికి చేరుతుంది. ఎమెస్కోవారి ఇంటింటా గ్రంథాలయం లాంటి పథకాలు వచ్చాక పోస్టులో ఇంటికే చేరేవి. ఒక్క ప్రతిని పది ఇళ్ళు చదివేవి. చదివినవారు పెరిగినంతగా రాసినవారికి డబ్బు పెరిగేది కాదు. అందుకని ఇంకో నవల, ఆ తరవాత ఇంకోటి.

మన రాయచూరుకు ఇవన్నీ ఎలా వచ్చేవో పెద్దలకు తెలుసు. మద్రాసు బొంబాయి రైలు దారి మీద ఉన్న ఊరు మనది. పత్రికల కట్టలు రైల్లో దిగేవి. సింధనూరు, మాన్వి వైపు బస్సుల్లో పోయేవి. పండగకు పుట్టింటికి పోయిన ఆడపడుచు తిరిగివచ్చేటప్పుడు పెట్టెలో చీరల కింద నాలుగు నవలలు పెట్టుకుని వచ్చేది. చుట్టుపక్కల బోర్డులన్నీ కన్నడంలో ఉన్న ఊళ్ళో, బడిలో పిల్లలు కన్నడం నేర్చుకుంటున్న ఇంట్లో, తెలుగు అక్షరం నిలిచింది ఎక్కువగా ఆ నవలల వల్లే. పండితుల గ్రంథాలు మన క్యాంపులకు రాలేదు. రచయిత్రుల నవలలు వచ్చాయి. ఈ మాట చెప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.

బంగారు కంకణం

1963లో లతకు గృహలక్ష్మి స్వర్ణకంకణం వచ్చింది. ఈ తరానికి ఆ బహుమతి విలువ తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

డాక్టర్ కె.ఎన్.కేసరి ఒంగోలు ప్రాంతం నుంచి కట్టుబట్టలతో మద్రాసు చేరి, ఆయుర్వేద వైద్యుడై, కేసరి కుటీరం పెట్టి, స్త్రీల కోసం తయారుచేసిన లోధ్ర మందుతో పేరూ డబ్బూ సంపాదించారు. ఆ డబ్బుతో 1928లో గృహలక్ష్మి అనే మాసపత్రిక మొదలుపెట్టారు. రాసే ఆడవాళ్ళను, సేవ చేసే ఆడవాళ్ళను గౌరవించడానికి ఏటా ఒకరికి బంగారు కంకణం ఇచ్చే ఏర్పాటు చేశారు. 1934లో మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి దక్కింది. ఆ తరవాత ఎందరో గొప్ప స్త్రీల చేతికి అది ఎక్కింది.

ఆ వరుసలో లత పేరు చేరిందంటే ఏమిటో ఆలోచించండి. పదేళ్ళ కిందట కుటుంబ స్త్రీ రాయకూడనిది రాసిందని తిట్లు తిన్న మనిషికి, గృహలక్ష్మి అనే పేరు మీద ఉన్న కంకణం తొడిగారు. ఆమె రాత మెత్తబడలేదు. చదివేవారు మారారు. లేదా చదువుతున్నామని పైకి చెప్పుకునే ధైర్యం వారికి వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు.

ఆ తరవాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ గౌరవం వచ్చింది. ఆ అకాడమీలోనే ఆమె చాలా ఏళ్ళు సభ్యురాలిగా ఉన్నారు. 1957లో ఏర్పడిన ఆ సంస్థ 1980లలో రద్దయ్యేదాకా తెలుగు రచయితలకు పెద్ద అండగా ఉండేది. ఎవరి పుస్తకానికి సాయం చేయాలి, ఎవరిని గౌరవించాలి అనే మాట సాగే చోట ఐదో తరగతి చదువుతో ఒక స్త్రీ కూర్చుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. బడి మెట్లు ఐదు మాత్రమే ఎక్కినవారికి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇవ్వడం చిన్న విషయం కాదు. మన క్యాంపుల్లో చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలకు చెప్పవలసిన కథ ఇది.

రామాయణం మీద రెండు కలాలు

లత జీవితంలో అందరూ ఆశ్చర్యపోయిన మలుపు 1970లలో వచ్చింది. రంగనాయకమ్మ గారు రామాయణ విషవృక్షం రాశారు. మార్క్సిస్టు దృష్టితో రామాయణాన్ని విమర్శించిన ఆ పుస్తకం తెలుగునాట ఇంటింటా వాదులాట పెట్టింది. దానికి జవాబుగా 1977లో లత రామాయణ విషవృక్ష ఖండన వెలువరించారు. లత రామాయణం పేరుతో రెండు సంపుటాలు కూడా ఆమె రాశారు.

సంప్రదాయాన్ని ఎదిరించిందని పేరుపడ్డ రచయిత్రి సంప్రదాయం వైపు నిలబడి వాదించిందేమిటని కొందరు నొచ్చుకున్నారు. ఇన్నాళ్ళకు దారికొచ్చిందని ఇంకొందరు సంతోషించారు. ఇద్దరూ ఆమెను సగమే చదివారని మా అభిప్రాయం. లత తిరగబడింది మనుషులు మనుషులకు చేసే అన్యాయం మీద. కావ్యం మీద ఆమె ఎన్నడూ తిరగబడలేదు. చిన్నప్పుడు బడి మానిపించినా ఆమె చేతిలో మిగిలిన ఆస్తి ఆ కావ్యాలే. మోహనవంశి రాసిన చేయి రామాయణాన్ని వదులుకుంటుందని ఎవరైనా అనుకుంటే అది ఆమె తప్పు కాదు.

రంగనాయకమ్మ గారి వాదనలో బలం లేదని మేమనడం లేదు. ఆ పుస్తకం చాలామంది స్త్రీలకు ప్రశ్నించడం నేర్పింది. మేము చెప్పదలచింది వేరు. రామాయణం లాంటి గ్రంథం మీద ఇద్దరు నవలా రచయిత్రులు ఎదురెదురుగా నిలబడి, పుస్తకానికి పుస్తకంతో జవాబు చెప్పుకున్నారు. అంతకు యాభై ఏళ్ళ ముందు ఆ చర్చలో ఆడవాళ్ళకు చాప కూడా వేసేవారు కాదు. మన ఇళ్ళలో అత్త ఖండనను, కోడలు విషవృక్షాన్ని సమర్థించిన రోజులు ఉన్నాయి. ఆ వాదన తెలుగులోనే జరిగింది, కన్నడ దేశంలో.

పక్క అరలో త్రివేణి

మన ఇళ్ళలో తెలుగు నవలల పక్కనే కన్నడ నవలలు కూడా ఉంటాయి. లతను చదివినవారు త్రివేణిని కూడా చదివారు. త్రివేణి అసలు పేరు అనసూయా శంకర్. 1928లో పుట్టి, ఇరవైకి దగ్గరగా నవలలు రాసి, 1963లో కాన్పు అయిన కొద్ది రోజులకే మైసూరులో కన్నుమూశారు. లత చేతికి స్వర్ణకంకణం ఎక్కింది కూడా ఆ ఏడాదే. త్రివేణి మనస్తత్వశాస్త్రం చదువుకుని, ఆడవాళ్ళ మనసు ఎక్కడ, ఎందుకు విరుగుతుందో రాశారు. ఆమె శరపంజర నవలను పుట్టణ్ణ కణగాల్ సినిమా తీశారు. అదే కథ తెలుగులో 1974లో వాణిశ్రీ, కృష్ణంరాజు నటించిన కృష్ణవేణిగా వచ్చింది. మన జిల్లాలో ఒకే కుటుంబం రెండూ చూసి, ఏది బాగుందో వాదించుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఒకరు మైసూరులో, ఒకరు విజయవాడలో. ఒకరు కాలేజీలో చదువుకున్నారు, ఒకరికి కాలేజీ గడప తెలియదు. ఒకరినొకరు చదివారో లేదో గాని, ఇద్దరూ ఒకే కాలంలో ఒకే పని చేశారు. ఇంటి నాలుగు గోడల మధ్య ఆడమనిషి చెప్పుకోలేనిదాన్ని అచ్చులోకి తెచ్చారు. రెండు భాషలూ వచ్చిన మనకే ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివే అదృష్టం ఉంది. విజయవాడలో ఉన్నవారికి అది లేదు, మైసూరులో ఉన్నవారికీ లేదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

లత 1997 డిసెంబరు 10న కన్నుమూశారు. వయసు అరవై రెండు. ఆనాటికే వారపత్రికల్లో సీరియల్ కాలం వాడిపోయింది, టీవీ సీరియల్ కాలం మొదలైంది. ఆమె పుస్తకాల్లో చాలా వాటికి కొత్త ముద్రణలు అరుదైపోయాయి. రేడియో నాటకాల సంగతి మరీ కష్టం. గాలిలో పోయినదాన్ని ఎవరు పట్టుకుంటారు?

మన దగ్గర జరుగుతున్నది కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. చదివే పెద్దావిడ పోయాక ఆమె పుస్తకాలు పాత పేపర్లతో కలిసి తూకానికి పోతున్నాయి. పిల్లలు కన్నడ మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుకుంటున్నారు. వారికి తెలుగు మాట్లాడటం వచ్చు, అర్థం అవుతుంది, అక్షరాలు మాత్రం రావు. కన్నడం లిపి వచ్చినవారికి తెలుగు అక్షరాలు నెల రోజుల్లో పట్టుబడతాయి, రెండూ అంత దగ్గర. అయినా ఆ నెల రోజులు ఎవరూ కేటాయించడం లేదు.

అందుకని మా మనవి రెండు మాటల్లో చెబుతాం. మొదటిది, ఇంట్లో పాత తెలుగు నవలలు ఉంటే తూకానికి వేయకండి. లత పేరు ఉన్న పుస్తకం కనిపిస్తే మరీ జాగ్రత్తగా దాచండి. చిరిగినా, అట్ట లేకపోయినా పరవాలేదు. బంధువుల ఇళ్ళలోనూ, మన సంఘం భవనాల్లోనూ ఒక బీరువా కేటాయించి పెడితే అందరికీ పనికొస్తాయి.

రెండోది ఇంతకంటే సులువు. లత ఏడు వందల నాటకాలు రాసింది చదవడం రానివారి కోసం కూడా. వినడం వస్తే చాలు. ఆమె నవలలూ అలాంటివే, చెవికి రాసినవి. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోతే మీరు చదవండి, వారు వింటారు. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు చాలు. మోహనవంశితో మొదలుపెట్టండి. పిల్లలు పెద్దయ్యాక, వారికి ఊహ వచ్చాక, గాలిపడగలు నీటిబుడగలు వారి చేతికి ఇవ్వండి. ఒకప్పుడు ఆ పుస్తకాన్ని దిండు కింద దాచుకుని చదవాల్సి వచ్చేదని కూడా చెప్పండి.